బొటనవేలి లెక్క

షువేఖ్‌లో ఏప్రిల్ మధ్యాహ్నం.
రేకుల షెడ్డు కింద
గాలి కావాలన్నా కంప్రెసర్ లోంచే రావాలి.
లిఫ్టు మీద పసుప్పచ్చ బండి, రెండు తలుపులది,
చక్రాలన్నీ విప్పించుకుని
నలుగు పెట్టించుకునే పసిబిడ్డలా ఉంది.
దాని యజమాని మిషాల్,
మీసం ఇంకా సరిగా కుదరని కుర్రాడు,
గోడకి ఆనించిన రెండు టైర్లు చూపించి
నన్నడిగాడు:
"ఏది మంచిది?"

పదకొండేళ్లలో ఎవరూ నన్నడగలేదు.
అడిగేది వర్గీస్‌ని, ఏసీ గది అద్దం వెనక.
ఆయన కాగితం చూసి చెప్తాడు.
నాకున్నది బొటనవేలు.

ఇదిగో, ఇది జపాన్‌ది.
ఒత్తితే గోరు దిగుతుంది,
ఇంకో పూటకి పండే సపోటా.
గాట్లు తక్కువ, భుజాలు వెడల్పు.
పక్కన అచ్చుగుద్దిన అంకె రెండు వందలు,
తొందరగా అరిగిపోతానని
ముందే చెప్పి ఇచ్చిన మాట.
తుమ్మబంకలా రోడ్డుని పట్టుకుంటుంది.
మలుపులో నీ కడుపు పక్కకి పోతుంది గానీ
బండి పోదు.
అయితే జూలైలో తారు ఉడుకుతుంది చూడు,
అప్పుడు తెలుస్తుంది దీని ఖరీదు.
పన్నెండు వేల కిలోమీటర్లకే
లోపలి తీగలు పళ్లికిలిస్తాయి.

ఇది జర్మనీది.
ఒత్తితే వేలే వెనక్కొస్తుంది.
అంకె మూడు వందల నలభై.
నీళ్లు పోవడానికి నాలుగు లోతైన కాలవలు.
ఇక్కడ వానెక్కడిదని నవ్వకు.
నవంబర్లో తొలి చినుకు పడ్డ రోజు
ఏడు నెలల నూనె, దుమ్ము, రబ్బరు పొడి పైకి తేలి
రోడ్డంతా నెయ్యి రాసిన పెనం.
ఆ ఒక్క పూట కోసమే పుట్టింది ఇది.
మిగతా రోజులు కొంచెం సణుగుతుంది,
సంసారపక్షం టైరు.

ఇదంతా చెప్పింది
నాకొచ్చిన అరవై అరబ్బీ మాటల్లో.
సపోటాకి మాట దొరకలేదు.
అతని వేలు పట్టుకుని ఒత్తించాను.
తెల్లటి డిష్‌డాషా చేతికి నల్ల మరక.
అతను చూసుకోలేదు.
నేను చూశాను.

"నువ్వయితే ఏది వేస్తావు?"

నేనా?
ఇలాంటి బండి నేను తోలేది
లిఫ్టు నుంచి నీడ దాకా,
ముప్పై అడుగులు, మొదటి గేరు.
నా కాళ్లకున్నవి దీనారున్నర చెప్పులు,
కుడి మడమ బయటి అంచు పోయింది.
"అలైన్‌మెంటు తప్పింది నీకి,
వెయిట్లు కొట్టాల" అంటాడు ఖాసింపీరా
టీ తాగేటప్పుడల్లా.
అందుకని నవ్వి ఊరుకున్నాను.

మెత్తటిదే కొన్నాడు.
సబ్బునీళ్లు పూసి ఎక్కించాను.
అంచు రిమ్ములో కూర్చున్నప్పుడు ఠాప్‌మని రెండు చప్పుళ్లు.
ముందు ఎడమదానికి ఐదు గ్రాముల సీసం.
అర దీనారు చేతిలో పెట్టి
వీధి చివర దాకా రబ్బరు వాసన వదిలి వెళ్లాడు.

సెప్టెంబర్లో వచ్చాడు.
టైర్లు విప్పి ఒక్కోటీ తిప్పి చూశాను.
లోపలి అంచులు గుండు. అది మామూలే.
ముందు కుడిదానికి మాత్రం ఒకచోట
అరచేయంత బల్లపరుపు.
నిలువునా బ్రేకు తొక్కిన చోటు.
"ఏమొచ్చింది అడ్డం?"
"బంతి" అన్నాడు.
నేను టైరు కింద పెట్టలేదు.
కాసేపయ్యాక
నడుముకి కొంచెం కింద చెయ్యి ఆపి చూపించాడు,
ఇంతెత్తు.
"తగిలిందా?"
తల అడ్డంగా ఊపాడు.
చెయ్యి మాత్రం ఆ ఎత్తులోనే ఉండిపోయింది.

ఆ చదునులో నా బొటనవేలు పెట్టాను.
నున్నగా ఉంది.
అక్కడ గీతలేవీ మిగల్లేదు.

ఈసారి ఏది మంచిదని అడగలేదు,
అవే కావాలన్నాడు.
స్టాకు లేదు, నాలుగు రోజులన్నాడు వర్గీస్.
సరేనని తాళాలు నాకిచ్చి
ఆ ఎండలో
మెయిన్ రోడ్డు వైపు నడిచి వెళ్లాడు.
ఖరీదైన చెప్పులే.
కుడి మడమ కొంచెం ఎక్కువ ఆనిస్తున్నాడు.

ఖాసింపీరాకి చెప్పలేదు.